పాత ఇంటికి ఏసీ: అయిదున్నర టన్నుల కొటేషన్ రెండు టన్నుల లోపుకి ఎలా దిగింది

ఇల్లు వందేళ్లు దాటింది. ఇటుకా సున్నంతో కట్టిన 18 అంగుళాల గోడలు, నిలువెత్తు కిటికీలు, వాటి పైన గాజు వెంటిలేటర్లు. కింద హాలు, పడకగది, వంటిల్లు. పైన పెంకుల కప్పు కింద ఒకటే పెద్ద గది. దాని నేల దూలాల మీద పరిచిన చెక్క పలకలు. కింద పడకగదికీ హాలుకీ మధ్య ఇటుక గోడ లేదు, నిలువు పలకలతో కట్టిన చెక్క అడ్డం మాత్రం ఉంది. పని అయ్యాక ఎక్కువ తలనొప్పి తెచ్చింది ఈ చెక్క అడ్డమే.

కింది గదిలో పెద్దావిడ ఉంటారు, పైగదిలో ఆమె కూతురూ అల్లుడూ. ఎండాకాలం వేడి, వానాకాలం ఉక్క, రెండూ గట్టిగా ఉండే చోటు. నేను వెళ్లేసరికే వాళ్ల చేతిలో ఒక కొటేషన్ ఉంది. పైగదికి రెండు టన్నులు, కింది పడకగదికి ఒకటిన్నర, హాలుకి రెండు, మొత్తం అయిదున్నర. 120 చదరపు అడుగులకు ఒక టన్ను అనే వాడుక లెక్క మీద వేసింది. గోడ మీద డబ్బా కనపడకూడదని కూతురు కోరడంతో, పైగదిలో ఫాల్స్ సీలింగ్ దించి డక్టులు (చల్లగాలి పోయే పెద్ద గొట్టాలు) వేసే ప్లాను కూడా అందులోనే ఉంది. డక్టు కిందికి రావాలంటే రెండు దూలాలకు గాడి కొట్టాలి.

పెద్దావిడ ఒక్క మాటలో తేల్చేశారు. "దూలానికి రంపం తగిలేటట్టయితే నాకు ఏసీ వద్దు బాబూ. ఇన్నేళ్లూ ఫ్యాను కిందే పడుకున్నాను."

"తగలనివ్వనమ్మా. ఆ అవసరం కూడా లేదు," అన్నాను.

కూతురికి ఆ జవాబు నచ్చలేదు. "అయితే గోడలనిండా పైపులు వేలాడదీస్తారా అండీ?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు వెంటిలేటర్ దగ్గర దొరికింది, ఆ వివరం తర్వాత చెబుతాను.

ఇలాంటి ఇళ్లలో నేను మెషిన్ గురించి చివర్న మాట్లాడతాను. ముందు కప్పు, తర్వాత గాలి ఎక్కడెక్కడ చొరబడుతోంది, ఆ తర్వాత నీళ్లు ఎటు పోతాయి. ఈ మూడూ తేలాక ఎన్ని టన్నులు అనేది పెద్ద ప్రశ్నగా మిగలదు.

పైగది లెక్క

గది 22.5 చదరపు మీటర్లు, సగటు ఎత్తు 3.6 మీటర్లు, అంటే 81 ఘనపు మీటర్ల గాలి. లోపల 25 డిగ్రీలు, 55 శాతం తేమ ఉండాలనుకుని లెక్క మొదలుపెట్టాను.

కప్పు వాలు విస్తీర్ణం 26 చదరపు మీటర్లు. పెంకులు, కాస్త ఖాళీ, 20 మిల్లీమీటర్ల చెక్క పలకలు, అంతే. మధ్యాహ్నం ఎండకు పెంకు పైభాగం 60 డిగ్రీల దాకా కాలుతుంది. ఇలాంటి కప్పులో ఒక్కో చదరపు మీటరు గుండా, ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 3 వాట్ల వేడి దిగుతుంది. 26ని 3తోనూ 35 డిగ్రీల తేడాతోనూ గుణిస్తే 2,730 వాట్లు. కప్పు ఒక్కటే ముప్పావు టన్ను పైన తినేస్తోందన్నమాట. ఏసీల్లో టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల వేడిని లాగేసే శక్తి, మన లెక్కలో 3.5 కిలోవాట్లు.

గోడల కథ వేరు. అంత మందం ఇటుకలో వేడి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు చేరడానికి పది పన్నెండు గంటలు పడుతుంది. పడమటి గోడ సాయంత్రం తాగిన ఎండ తెల్లవారుజామున లోపలికి వస్తుంది. అందుకే కప్పు వేడి, గోడ వేడి ఒకే వేళలో పూర్తిగా కలవవు. వాడుక లెక్కలు ఇది పట్టించుకోవు. గోడలకు అర కిలోవాటు వేసుకున్నాను, అదీ కాస్త ఉదారంగా.

మూడు కిటికీల గాజు 5.4 చదరపు మీటర్లు. బయట 38 డిగ్రీలున్నప్పుడు గాజు గుండా 400 వాట్లు. పడమటి కిటికీ మీద నేరుగా పడే ఎండ వల్ల ఇంకో 700. దానికి బయట చెక్క జాలీ తలుపులు ఉన్నాయి గానీ కీలు ఊడి, గోడకు కట్టేసి ఉన్నాయి. లోపల తెర ఎంత మందంగా ఉన్నా ఎండ అప్పటికే గాజు దాటి గదిలోకి వచ్చేసి ఉంటుంది. ఎండను గాజు బయటే ఆపాలి. పాతకాలపు వడ్రంగి అది తెలిసే ఆ తలుపులు పెట్టాడు.

తర్వాత గాలి. కిటికీ చట్రాల చుట్టూ, కప్పు అంచున, నేల పలకల సందుల్లో అగరుబత్తి పట్టుకుని తిరిగితే పొగ ఎక్కడెక్కడ వంగుతోందో కనిపించింది. గది గాలి గంటకు రెండుసార్లు మారిపోతోందని పట్టుకున్నాను. అంటే సెకనుకు 45 లీటర్ల బయటి గాలి. దాన్ని చల్లబరచడానికి 700 వాట్లు. అసలు దెబ్బ అందులోని తేమది. 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజున బయటి గాలి కిలోకు దాదాపు 23 గ్రాముల నీటి ఆవిరి మోస్తుంది. లోపల మనకు కావాల్సింది 11 గ్రాములు. ఆ తేడా అంతా ఏసీ లోపలి చల్లటి కాయిల్ మీద నీళ్లుగా రాలాలి. గంటకు 2.2 లీటర్లు! అన్ని నీళ్లు పిండడానికి 1.5 కిలోవాట్ల చల్లదనం ఖర్చవుతుంది, దానివల్ల గది ఒక్క డిగ్రీ కూడా తగ్గదు.

ఇద్దరు మనుషులు, దీపాలు, ఫ్యాను కలిపి ఇంకో 450 వాట్లు. మొత్తం 7 కిలోవాట్లకు కాస్త తక్కువ, అంటే సరిగ్గా రెండు టన్నులు.

కొటేషన్ ఇచ్చినవాళ్లను ఎగతాళి చేయడానికి లేదు. ఇంటిని ఉన్నదున్నట్టు చూస్తే నా లెక్కా వాళ్ల అంకెకే వచ్చింది. తేడా ఎక్కడంటే, ఇంటిని అలాగే వదిలేసి రెండు టన్నులు పెడితే అది ఎండాకాలం మధ్యాహ్నాలకే సరిపోయే మెషిన్. వాన పడ్డ రాత్రి కప్పు వేడి సున్నా. అప్పుడు అంత పెద్ద మెషిన్ కాసేపట్లోనే గదిని చల్లబరిచి ఆగిపోతుంది. కాయిల్ తడిసి, నీళ్లు పళ్లెంలోకి దిగి, పైపులోంచి బయటపడడానికే కొన్ని నిమిషాలు పడుతుంది. ఆలోపే కంప్రెసర్ ఆగితే, ఫ్యాను తిరుగుతూ ఆ తడిని మళ్లీ గదిలోకే ఊదుతుంది. చల్లగానే ఉంటుంది, దుప్పటి మాత్రం చెమ్మగా తగులుతుంది. ఇన్వర్టర్ మెషిన్ అయితే ఆగకుండా కంప్రెసర్ వేగం తగ్గించుకుంటుంది, నిజమే. కానీ దానికీ ఒక కనీస వేగం ఉంది, దాని కిందికి దిగలేదు.

కప్పు పని

పెంకులు దించి, వాసాల మధ్య 100 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (రాతి నుంచి తీసిన, దూది లాంటి పీచు) పెట్టాం. పైముఖాన ఫాయిల్. ఫాయిల్‌కీ పెంకులకీ మధ్య 50 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, చూరు దగ్గర గాలి లోపలికి, కొప్పు దగ్గర బయటికి పోయేలా దారి ఉంచాం. ఈ ఖాళీని ఎవరూ పూడ్చకుండా కాపలా కాయాల్సి వచ్చింది. మేస్త్రీకి సందు కనిపిస్తే చేతులు ఊరుకోవు.

ఫాయిల్ పైకే ఎందుకు అని అల్లుడు అడిగారు. చలిదేశాల వీడియోల్లో ప్లాస్టిక్ షీటు గది వైపు వేస్తారు, ఆయన అది చూశారు. అక్కడ తేమ లోపలి నుంచి బయటికి నడుస్తుంది. ఏసీ వేసుకున్న ఉక్క ప్రదేశంలో బయటి నుంచి లోపలికి నడుస్తుంది. ఆవిరిని ఆపే పొర ఎప్పుడూ వేడి వైపునే ఉండాలి. గది వైపు ప్లాస్టిక్ వేస్తే బయటి నుంచి వచ్చిన ఆవిరి చల్లటి ప్లాస్టిక్ వెనక ఆగి, నీరై, వాసాన్ని కుళ్లబెడుతుంది. అది పైకి కనిపించేసరికి వాసం మార్చాల్సిందే. అందుకే కింది చెక్క పలకలకు కూడా ప్లాస్టిక్ పెయింట్ వద్దన్నాను. నూనె రుద్దించాం, పలక ఏ కాస్త తేమ పీల్చినా గదిలోకి ఆరిపోతుంది. ఫాయిల్ మెరుపు వల్ల వేడి తగ్గుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. దాన్ని లెక్కలోకి తీసుకోలేదు, పెంకుల కింద దుమ్ము పడితే ఆ మెరుపు నిలవదు. ఫాయిల్ ఇంకో పని కూడా చేస్తుంది. పెంకు పగిలి నీళ్లు కారితే వాటిని చూరు దాకా జార్చుతుంది.

థర్మోకోల్ చవక కదా అన్న మాట వచ్చింది. పాత వైర్లున్న చెక్క కప్పులో నేను దాన్ని పెట్టను. మండుతుంది. పైగా పీవీసీ వైరు తొడుగు థర్మోకోల్‌కు ఆనుకుని ఉంటే, తొడుగును మెత్తగా ఉంచే పదార్థం దానిలోకి పోయి తొడుగు బిరుసెక్కి చిట్లుతుంది. రాక్‌వూల్ మండదు. దాని కింద వైరు పూడ్చినా వేడి బయటికి పోదు కాబట్టి, పైగది వైర్లన్నీ పలకల కిందికి తెచ్చి, గది వైపు పైపుల్లో వేయించాం.

ఇప్పుడు కప్పు నుంచి దిగేది వాసాల చెక్కను కలుపుకుని 450 వాట్లు. 2,730 ఎక్కడ, 450 ఎక్కడ. పడమటి కిటికీ జాలీ తలుపులకు కొత్త కీళ్లు వేస్తే ఎండ 700 నుంచి 150కి దిగింది. కిటికీ చట్రాల సందులు, నేల పలకల సందులు మూసి గాలి మార్పును గంటకు 0.7 సార్లకు తెచ్చాం. అది సెకనుకు 16 లీటర్లు, ఇద్దరు మనుషులకు మనిషికి 8 లీటర్ల చొప్పున. ఇంకా బిగిస్తే ఊపిరికి కొత్త గాలి కోసం వేరే ఫ్యాను పెట్టాల్సి వస్తుంది, అందుకే అక్కడ ఆపాను.

కొత్త మొత్తం 2.7 కిలోవాట్లు. ఒక టన్ను మెషిన్‌కు హాయిగా సరిపోయే పని.

డక్టులు వద్దన్న కారణం

కూతురికి కాగితం మీద గీసి చూపించాను. డక్టులు పోయే చోటు ఫాల్స్ సీలింగ్ పైన, ఇల్లంతటిలో వేడెక్కువ ఉండే చోట. మామూలు ఇళ్లలో డక్టు అతుకుల నుంచి 20 నుంచి 30 శాతం గాలి కారిపోవడం వింతేమీ కాదు. అలా కారిన చల్లటి గాలి ఉక్కగా ఉన్న కప్పు కింద చెక్కకు తగిలితే చెక్క చెమర్చుతుంది. ఆ తడి ఫాల్స్ సీలింగ్ వెనక ఉంటుంది కాబట్టి ఎవరికీ కనపడదు.

దూలం విషయానికొస్తే, బరువు మోసే దూలానికి అడుగు అంచున గాడి కొట్టడమంత చెడ్డ పని లేదు. వంగినప్పుడు లాగుడంతా అక్కడే పడుతుంది. లోతులో మధ్యన చిన్న రంధ్రమైతే తట్టుకుంటుంది గానీ, డక్టు పట్టేంత గాడి తట్టుకోదు. అదీ నిడివిలో నడిమధ్య. పెద్దావిడ లెక్క చూడకుండానే సరైన చోట అడ్డుపడ్డారు.

మెషిన్లు, రంధ్రాలు

పైగదికి ఒక టన్ను, కింది పడకగదికి 0.8 టన్ను, రెండూ ఇన్వర్టర్ స్ప్లిట్‌లే. హాలుకి ఏసీ వద్దన్నాను. ఎప్పుడూ తలుపులు తెరిచి ఉండే, మనుషులు అటూ ఇటూ తిరిగే చోటు అది. పైకి మెట్లు కూడా అందులోంచే. అక్కడ పెద్ద రెక్కల ఫ్యాన్లు రెండు మార్పించాం. ఇండోర్ యూనిట్లను 2.4 మీటర్ల ఎత్తులో పెట్టాం. కప్పు ఎత్తుగా ఉంది కదా అని మరీ పైన బిగిస్తే, అది పైనుండే వేడి గాలినే పీల్చి చల్లబరుస్తూ కూర్చుంటుంది. నాలుగు మీటర్ల ఎత్తు గదిలో మనుషులుండేది కింది రెండు మీటర్లలోనే.

పైపుల దారి. పైగదిలో గోడ తొలవలేదు. కిటికీ పైన వెంటిలేటర్‌లో ఒక గాజు పలక విప్పి, అదే కొలతకు టేకు పలక కోయించి, దానికి 65 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టాం. కాపర్ పైపులు, వైరు, డ్రెయిన్ మూడూ అందులోంచే. పలకకు చట్రం రంగే వేశాం. బయటి నుంచి చూస్తే వెంటిలేటర్‌లో ఒక గడి మాత్రం చీకటిగా కనిపిస్తుంది. విప్పిన గాజుకు కాగితం చుట్టి, ఏ కిటికీదో రాసి, అటక మీద పెట్టించాను. రేపు ఏసీ తీసేస్తే గాజు మళ్లీ పెట్టుకుంటారు, ఇంటికి గాయం ఉండదు. పాత ఇంట్లో ఏ పని చేసినా వెనక్కి తీసుకునే వీలుండాలన్నది నా పట్టుదల. కూతురు అది చూశాక డక్టుల మాట ఎత్తలేదు.

కింద అలాంటి వీలు లేక గోడ తొలవాల్సి వచ్చింది. ఇంత మందం గోడలకు తరచూ రెండు పక్కలా ఇటుక వరసలుండి మధ్యలో రాళ్లు, మట్టి నింపి ఉంటాయి. సుత్తి డ్రిల్ పెడితే ఇటు 65 మిల్లీమీటర్ల రంధ్రం, అటు దోసెడంత పెచ్చు ఊడిపోవడం ఖాయం. డైమండ్ కోర్ బిట్ వాడాం, అదీ నీళ్లు పోయకుండా. నీళ్లు పోస్తే బిట్ చల్లగా ఉంటుంది, మధ్యలో మట్టి మాత్రం కరిగి కారిపోతుంది. మధ్యకు రాగానే బిట్ ఒక్కసారిగా తేలికైంది. లోపలంతా పొడి మట్టి, చిన్న రాళ్లు. అక్కడ యంత్రం ఆపి, చేత్తో కెలికి, పీవీసీ పైపు తొడుగు దూర్చి, ఆ తర్వాతే అవతలి ఇటుక తొలిచాం. తొడుగు బయటి వైపుకు కాస్త వాలుగా. రెండు చివరలా సున్నంతోనే పూత.

ఔట్‌డోర్ యూనిట్లు గోడకు వేలాడదీయలేదు. సున్నం కట్టుబడిలో బోల్టు బిగిస్తే మొదట్లో గట్టిగానే ఉంటుంది, రోజూ అదురుతుంటే వదులవుతుంది. రెంటినీ నేల మీద చిన్న దిమ్మెలు కట్టి, రబ్బరు మెత్తలు వేసి కూర్చోబెట్టాం. పైగదికి కాపర్ లైను పొడవైంది గానీ కంపెనీ హద్దు లోపలే. అదనపు మీటర్లకు ఎంత గ్యాస్ కలపాలో మెషిన్ మీదే రాసి ఉంటుంది, తూకం వేసి కలిపాం. నైట్రోజన్‌తో లీకు పరీక్ష చేసి, పైపుల్లో మిగిలిన గాలి ఒత్తిడి 500 మైక్రాన్ల కిందికి దిగేదాకా వ్యాక్యూమ్ తీసి, పంపు ఆపాక ముల్లు నిలబడిందో లేదో చూశాకే గ్యాస్ వదిలాం. గ్యాస్ ఆర్-32. కార్బన్ డయాక్సైడ్‌ను 1 అనుకుంటే, పాత ఆర్-410ఏ గ్లోబల్ వార్మింగ్ విలువ 2,088, దీనిది 675. కాస్త మండే గుణం ఉంది కాబట్టి లీకు పరీక్ష తూతూమంత్రంగా చేయకూడదు.

కరెంటు గురించి ఎక్కువ చెప్పను. పాత వైరింగ్ బట్ట చుట్టిన రబ్బరు వైరు. వేలితో వంచితే పొడిపొడిగా రాలింది. ఎర్త్ అసలు లేదు. దాని మీద ఏసీ నడపడం గురించి ఆలోచించేదే లేదు. మీటర్ బోర్డు నుంచి ఒక్కో మెషిన్‌కు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, విడి ఎంసీబీ, లీకేజీకి ట్రిప్ అయ్యే స్విచ్, కొత్త ఎర్త్. అయిదున్నర టన్నులైతే ఇంటి కనెక్షన్ లోడే పెంచాల్సి వచ్చేది. ఇప్పుడా అవసరం పడలేదు.

నీళ్లు

ఏసీ డ్రెయిన్‌ను గోడ వెంట దించి గోడ మొదట్లోనే వదిలేయడం అందరూ చేసేదే. సిమెంటు ఇంటికి అది పెద్ద నష్టం కాకపోవచ్చు. సున్నపు గోడకు రోజూ మొదట్లో నీళ్లు పోయడమంటే చెమ్మను పిలిచి పీట వేయడమే. కింది గదిలో ఆ చెమ్మ అప్పటికే ఉంది. ఎప్పుడో ఎవరో గోడ అడుగు మీటరు ఎత్తున సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారు. సిమెంటు ఆవిరిని బయటికి వదలదు. గోడలో చెమ్మ దాన్ని దాటి పైకి ఎక్కి, మీటరు పైన తెల్లటి ఉప్పు పొట్టుగా రాలుతోంది. ఆ గదిలో ఏసీ వేస్తే గాలి పొడిబారి గోడలోంచి ఇంకా చెమ్మను లాగుతుంది, ఉప్పు ఇంకా రాలుతుంది, మెషిన్ ఆ నీటిని పిండుతూ కూర్చుంటుంది. సిమెంటు కొట్టించి, గోడ ఆరనిచ్చి, సున్నం గార వేయించాకే ఏసీ బిగించాను. ఆరడానికి పట్టిన కాలం ఇంటివాళ్ల ఓపికను పరీక్షించింది. పెద్దావిడ మాత్రం తొందరపెట్టలేదు.

గాలి చొరబాటు తగ్గాక కూడా పైగది మెషిన్ ఉక్క రోజుల్లో గంటకు ముప్పావు లీటరు పైనే నీళ్లు తీస్తుంది. రాత్రికి ఏడెనిమిది లీటర్లు. రెండు డ్రెయిన్లనూ మీటరుకు ఒక సెంటీమీటరుకు తగ్గని వాలుతో గోడకు దూరంగా ఉన్న కాలువలో కలిపాం. గోడ లోపల పోయే భాగానికి ఇన్సులేషన్ తొడుగు వేశాం. చల్లటి నీళ్లు పోయే పైపుకు బయట చెమట పడుతుంది, గోడ మధ్యలో పడితే ఆ తడి ఎక్కడి నుంచి వస్తోందో ఎవరికీ అర్థం కాదు.

వానాకాలం వచ్చాక

ఎండాకాలం అంతా అనుకున్నట్టే నడిచింది. పైగదిలో 26 పెట్టుకుని ఫ్యాను తిప్పుకుంటే చాలంటున్నారు. గాలి కదలిక ఉంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువైనా ఒంటికి తేడా తెలియదు. మధ్యాహ్నం మూడింటికి కూడా మెషిన్ పూర్తి వేగానికి వెళ్లలేదు.

వానలు మొదలయ్యాక హాలు వైపు చెక్క అడ్డం మీద తడి మచ్చ కనిపిస్తోందని ఫోన్ వచ్చింది. కప్పు కారుతోందేమోనని వాళ్ల భయం. వెళ్లి చూస్తే పై నుంచి ధార ఆనవాలు లేదు. రొమ్ము ఎత్తులో, రెండు పలకల వెడల్పున, అరచేయి పెడితే చల్లగా తగిలే తడి. తుడిస్తే పోతోంది, రాత్రికి మళ్లీ వస్తోంది. పడకగది వైపు వెళ్లి నిలబడితే సంగతి తెలిసిపోయింది. ఏసీ గాలి నేరుగా పెద్దావిడ మీద పడకూడదని ఎవరో లూవర్ (గాలిని దారి మళ్లించే రెక్క) తిప్పారు, ఆ గాలి సూటిగా చెక్క అడ్డానికి కొడుతోంది.

ఏసీ లోంచి వచ్చే గాలి 13 డిగ్రీలు. హాలులో 32 డిగ్రీలు, 75 శాతం తేమ. అలాంటి గాలి 27 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా నీరు కడుతుంది. గది గాలి మామూలుగా 25 డిగ్రీల్లో ఉంటే, 20 మిల్లీమీటర్ల పలకకు హాలు వైపు ముఖం 30 డిగ్రీల దగ్గరే ఉంటుంది, నీరు కట్టదు. 13 డిగ్రీల గాలి నేరుగా కొడుతుంటే అది 25కి పడిపోతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చూస్తే మచ్చ మధ్యలో 25, అడుగు పక్కన 29. లూవర్‌ను కిటికీ వైపు తిప్పి, అడ్డం వైపు పోకుండా లోపలి రెక్కలను ఆపాం. తడి మళ్లీ రాలేదు. ఇటుక గోడైతే ఈ గాలిని లెక్కచేసేది కాదు, సన్నటి చెక్కకే ఈ తంటా.

రెండో ఇబ్బంది ముందే ఊహించినది, పని మొదలుపెట్టకముందే ఇంటివాళ్లకు రాసి ఇచ్చాను. కప్పు వేడిని ఆపాం, ఎండను ఆపాం. గాలిలోని తేమను అంతగా ఆపలేదు, ఆపలేం, మనుషులకు గాలి కావాలి. దాంతో వాన రాత్రి పైగదిలో చల్లబరచాల్సిన వేడి అర కిలోవాటు పైచిలుకు ఉంటే, పిండాల్సిన తేమ కూడా దాదాపు అంతే అయింది. మామూలు మెషిన్ తన పనిలో మూడు వంతులు చల్లదనానికి, ఒక వంతు తేమకు ఖర్చుపెడుతుంది. సగం సగం అడిగితే ఇవ్వలేదు. 26 డిగ్రీలు రాగానే వేగం తగ్గించేస్తుంది, తేమ ఎక్కుతుంది. వాళ్ల గదిలో పెట్టిన చిన్న తేమ మీటరు ఎండాకాలంలో 52 నుంచి 58 శాతం మధ్య చూపించింది, వాన రాత్రుల్లో 68కి చేరింది. ఇన్సులేషన్ బాగా చేసిన ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక మోతాదులో ఇది వస్తుంది. చాలామంది దాన్ని మెషిన్ లోపమనుకుని గ్యాస్ నింపిస్తారు.

1902లో విల్లిస్ కారియర్ బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసుకు తయారుచేసిన మొదటి యంత్రం పని కూడా తేమను అదుపులో పెట్టడమే. తేమకు కాగితం సాగి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడడం లేదన్నది అక్కడి ఫిర్యాదు. ఇప్పటి ఇంటి మెషిన్లు డిగ్రీలు తప్ప ఇంకేదీ వినడం లేదు.

మొదట ఇండోర్ ఫ్యాను వేగం కనిష్ఠానికి దించాం. గాలి నెమ్మదిగా పోతే కాయిల్ ఇంకా చల్లబడి నీళ్లు ఎక్కువ తీస్తుంది. 68 కాస్తా 63 అయింది. డ్రై మోడ్‌లో 60. అల్లుడికి పుస్తకాల బీరువా ఉంది, బూజు భయం. బూజుకు 80 శాతం దాటాలి గానీ, బీరువా వెనక గోడ చల్లబడి ఉంటే అక్కడి తేమ గది మధ్యలో కంటే ఎక్కువే. అందుకని బీరువాను గోడకు నాలుగు వేళ్ల దూరం జరిపించి, విడిగా ఒక చిన్న డీహ్యుమిడిఫయర్ (గాలిలో తేమ పిండే యంత్రం) పెట్టించాను. అది తన కరెంటంతా వేడిగా గదిలోకే వదులుతుంది. మామూలుగా అది లోపమే. ఇక్కడ మాత్రం ఆ వేడి వల్లే ఏసీ ఆగకుండా నడిచి ఇంకాస్త తేమ తీస్తోంది. ఇప్పుడు 55 దగ్గర నిలుస్తోంది.

మిగిలిన పని ఒకటుంది. కింది పడకగది పడమటి కిటికీ జాలీ తలుపులు చెదలు తిని, బాగుచేసే స్థితిలో లేవు. అదే చెక్క, అదే జాలీ కొలతతో కొత్తవి చేయాలి, వడ్రంగి ఇంకా మొదలుపెట్టలేదు. ఈలోగా ఆ కిటికీ ఒక్కటే మధ్యాహ్నం 700 వాట్లు లోపలికి తెస్తోంది. 0.8 టన్ను మెషిన్ ఆ వేళకు దాదాపు పూర్తి వేగంతో నడుస్తోంది. తలుపులు బిగించాక మళ్లీ కొలిచి చూస్తాను. గది లోడు రెండు కిలోవాట్ల లోపుకి రావాలని నా అంచనా. తాత్కాలికంగా వెదురు చాప ఒకటి కిటికీ బయట వేలాడదీయించాను. లోపల వేద్దామన్నారు, బయటే వేయించాను.